చిన్నల్లుడికి నేను చెప్పిన నాలుగు ముక్కలు

మా భోజనాల బల్లకి ఒక కాలు పొట్టి. ఎవరు మోచెయ్యి ఆనించినా గ్లాసులో నీళ్ళు ఒలుకుతాయి. వడ్రంగికి ఫోన్ చేస్తే "రేపొస్తా సార్" అంటాడు. ఆ రేపు ఏడు నెలలుగా నడుస్తోంది. చివరికి నా బయోడేటా కాపీ ఒకటి మడతపెట్టి ఆ కాలి కింద దోపాను. నాలుగు పేజీలది కాబట్టి సరిగ్గా సరిపోయింది. నిజం చెప్పాలంటే, ఇన్నాళ్ళలో నా బయోడేటా నిలబెట్టింది ఆ బల్లనొక్కదాన్నే.

నేను రంగుల కంపెనీ గోడౌన్‌లో పద్నాలుగేళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. కంపెనీ మూతపడింది. అదే నెలలో పైపుల గోడౌన్‌లో చేస్తున్న నా తోడల్లుడి ఉద్యోగం కూడా పోయింది. మా అత్తగారికి ఇద్దరే కూతుళ్ళు. నేను పెద్దల్లుణ్ణి, అతను చిన్నల్లుడు. ఇద్దరం ఒకేసారి రోడ్డున పడటం నాకు కొంత ఊరటగా ఉన్నమాట వాస్తవం. కష్టం పంచుకుంటే తగ్గుతుందంటారు. తోడల్లుడితో పంచుకుంటే ఇంకా బాగా తగ్గుతుంది.

ఆ ఊరట అయిదు నెలలుంది. ఒక ఆదివారం చిన్నల్లుడు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అన్నయ్యా, మందుల కంపెనీ గోడౌన్ నుంచి పిలుపొచ్చింది. రేపే ఇంటర్వ్యూ. మీరు అనుభవం ఉన్నవాళ్ళు, ఎలా మాట్లాడాలో నాలుగు ముక్కలు చెప్పండి."

ఆ ఉద్యోగానికి నేనూ దరఖాస్తు పెట్టానని అతనికి తెలీదు. నన్ను పిలవలేదని నాక్కూడా అప్పుడే తెలిసింది. అతను చూడకుండా ఆ ఫైలు వంక ఒకసారి గుర్రుగా చూశాను. అయినా పెద్దవాణ్ణి కదా, నవ్వాను. ఇంటర్వ్యూల్లో నేను ఏమేం చేస్తానో ఒక్కసారి గుర్తు చేసుకుని, అన్నీ తిరగేసి చెప్పాను.

"ఆ బయోడేటా ఏంటయ్యా అంత పొడుగు? ఒక్క పేజీకి కుదించెయ్."

"మరి నా బహుమతులూ అవీ..."

"ఎవడిక్కావాలి? రెండోది, గంట ముందే వెళ్ళు. ఏసీ గదిలో కూర్చోకు. సరుకు దించేవాళ్ళ దగ్గర నిలబడి కబుర్లాడు."

"చొక్కా మాసిపోదా?"

"మాయనీ. మూడోది, మీలో లోపం ఏమిటని అడుగుతారు. నిజం చెప్పెయ్."

"నాకు మతిమరుపు అన్నయ్యా."

"అదే చెప్పు. నాలుగోది, చివర్లో నువ్వే ఎదురు ప్రశ్న వెయ్. ఇంతకుముందు చేసినవాడు ఎందుకు మానేశాడని."

అతను అన్నీ అరచేతి మీద రాసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను. ఆ పూట నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

మర్నాడు సాయంత్రం అత్తగారు ఫోన్ చేశారు. "చిన్నల్లుడికి ఉద్యోగం వచ్చింది బాబూ. చాలా చురుకైనవాడు. నువ్వు కూడా అలా కాస్త కదలాలి."

కదలకుండా ఫోన్ పెట్టేశాను. నేను తీసిన గోతిలో అతను పడలేదు సరికదా, అందులో మంచినీళ్ళు పడ్డాయి.

ఆ తర్వాత నా బతుకు మీరు ఊహించుకోవచ్చు. చిన్నల్లుడు కూరగాయలకి కూడా మెడలో ఐడీ కార్డు వేసుకునే వెళ్తున్నాడు. మా ఇంటికొచ్చి కంపెనీ ఇచ్చిన బూట్లు నా చెప్పుల పక్కనే విప్పాడు. అతను లోపల కాఫీ తాగుతుంటే నేను వాటిలో కాలు పెట్టి చూశాను. వదులు. మనిషి నాకంటే పొట్టి, పాదం మాత్రం పెద్దది. ఇది ఏ రకం న్యాయం?

నిన్న మళ్ళీ వచ్చాడు.

"అన్నయ్యా, శుభవార్త. రెండో గోడౌన్‌కి మనిషి కావాలట. మీ పేరు చెప్పాను."

"మీ మేనేజరు నన్నెందుకు పిలుస్తాడయ్యా?"

"ఆయనే పిలవమన్నారు. ఇంటర్వ్యూలో ఇంత నిజాయితీగా మాట్లాడినవాణ్ణి చూళ్ళేదు, ఎవరు నేర్పారని అడిగారు. మా అన్నయ్యే అన్నాను. ఎల్లుండి పదింటికి. మీరు నాకు చెప్పినట్టే మీరూ చేస్తే చాలు."

"ఇంటర్వ్యూలో ఎవరెవరుంటారు?"

"మేనేజర్‌గారు, పక్కన నేను. రెండో గోడౌన్ కూడా నాకే అప్పగించారు, మీరు చేరితే నాకే రిపోర్ట్ చెయ్యాలి లెండి. మన ఇంట్లోవాళ్ళమే కదా."

అతను వెళ్ళాక మా ఆవిడ బల్ల తుడుస్తూ అంది, "ఏమండీ, అంత మంచి సలహాలు దగ్గర పెట్టుకుని ఏడు నెలలు మీరెందుకు వాడుకోలేదు?"

సమాధానం నాకు తెలుసు. చెప్పలేను. అంతకుముందు ఏ ఇంటర్వ్యూలో లోపం అడిగినా "అతిగా కష్టపడటం సార్" అనేవాణ్ణి. ఒకచోట ఇంటర్వ్యూ చేస్తున్న ముగ్గురూ ఒకేసారి నవ్వారు.

మొత్తానికి బల్ల కాలి కింద బయోడేటా లాగి, మూడు పేజీలు కొట్టేశాను. స్కూల్లో చేతిరాతకి వచ్చిన మొదటి బహుమతిని కొట్టేసేటప్పుడు కొంచెం బాధ కలిగింది. ఆ మూడే తిరిగి మడతపెట్టి దోపితే కాలికి చాలటం లేదు. బల్ల మళ్ళీ ఊగుతోంది. రేపు గంట ముందే వెళ్తాను, సరుకు దించేవాళ్ళ దగ్గర నిలబడతాను, ఎదురు ప్రశ్న కూడా వేస్తాను. అంతవరకు ఇబ్బంది లేదు.

చిక్కల్లా మూడోదే. "మీలో లోపం ఏమిటి?" అని మేనేజరు అడుగుతాడు. నిజమే చెప్పాలి, ఆయన పిలిచిందే అందుకు. నాకు మతిమరుపు లేదు. ఉన్న లోపం ఒక్కటే, అది ఐడీ కార్డు వేసుకుని ఆయన పక్క కుర్చీలో కూర్చుని నన్ను చూసి నవ్వుతుంటుంది. చెబితే ఇంట్లో నిలవలేను. అబద్ధమాడితే ఉద్యోగం రాదు. వస్తే చిన్నల్లుడికి రిపోర్ట్ చెయ్యాలి. రాకపోతే అత్తగారికి చెయ్యాలి.

బాబ్బాబు, మీలో తోడల్లుడు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, రేపు పదింటిలోగా ఒక్క ముక్క చెప్పండి, నేనేం చెప్పాలి? నాకేదో మేలు చెయ్యాలనుకుని మాత్రం చెప్పకండి. నా మీద కాస్త అసూయ పెట్టుకుని చెప్పండి, పని చేస్తుంది.