లేని మనిషి చొక్కాలు

అంతర్జాతీయ మానవ హక్కుల మండలి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే దాని నిబంధనలన్నీ చదవనక్కర్లేదు, కుర్చీలు చూస్తే చాలు. ఆ కుర్చీలు నావి. మండలి ప్రధాన కార్యాలయం మా ఊళ్లోనే ఉంది. సభ జరిగినప్పుడల్లా సామాను అద్దెకిచ్చేది నేనే.

సభ్యదేశాలకు చేతులున్న మెత్తటి కుర్చీలు. ఓటు లేని దేశాలకూ మెత్తటివే, చేతులు మాత్రం ఉండవు. స్వచ్ఛంద సంస్థలకు వెనక వరసల్లో ప్లాస్టిక్‌వి. బాధితులు ఆ పక్కన ఎక్కడో సర్దుకుంటారు. ఎవరి కోసం మండలి పెట్టారో వాళ్లకు తలుపు దగ్గర గాలి బాగా తగులుతుంది.

సభ్యుల ఎన్నిక పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒక్కో ప్రాంతానికి ఇన్ని సీట్లని ఉంటాయి. ఆ ప్రాంతపు దేశాలు ముందే కూడబలుక్కుని, ఎన్ని సీట్లుంటే అంతమందినే నిలబెడతాయి. ఆ తరవాత రహస్య ఓటింగు, ఉత్కంఠతో లెక్కింపు, అభినందనలు. మా అద్దె సామాన్ల సంఘం టెండర్లప్పుడు ఇదే పని చేస్తే కుమ్మక్కయ్యామంటారు. మా ప్రభుత్వం అలాగే గెలిచి ముందు వరసలో కూర్చుంది, నా కుర్చీలోనే.

వీటితో నాకేం పేచీ లేదు. పేచీ నా బావమరిది తెచ్చాడు.

వాడికి చిన్న అచ్చు ప్రెస్సు ఉంది. వేశామని చెబుతున్న మంచినీళ్ల గొట్టాలు ఎక్కడున్నాయో చూపించండని ఒక పోస్టరు వేశాడు. గొట్టాలు దొరకలేదు గానీ వాడు దొరికాడు. కేసు లేదు, కోర్టు లేదు. తిన్నగా సెంట్రల్ జైలు. కలవనివ్వరు. వారం వారం మా ఆవిడ ఉతికిన బట్టలు గేటు దగ్గర ఇస్తే, గార్డు మాసిన బట్టలు తెచ్చిచ్చేవాడు. ఆ మాసిన చొక్కాలే మాకు వాడి క్షేమ సమాచారం.

"ఏమండీ, లోకంలో హక్కులన్నీ మీ కుర్చీల మీదే కూర్చుంటాయిగా. మా తమ్ముడి సంగతి ఒక్క ముక్క చెప్పలేరా?" అంది మా ఆవిడ ఒకరోజు.

"కుర్చీలు వేసేవాడి మాట ఎవరు వింటారే?"

"అద్దె పెంచమన్నప్పుడు వింటున్నారుగా."

మండలి కార్యాలయంలో ఫిర్యాదులు చూసే ఆవిడను అందరూ ఫైళ్ల మేడం అంటారు. మంచి మనిషి. కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది.

"ముందు మీ దేశంలో కోర్టులన్నీ అయిపోవాలండీ."

"కేసే పెట్టలేదమ్మా. ఏ కోర్టుకి పోను?"

"అదే రాసివ్వండి. నిపుణుల బృందం కూర్చున్నప్పుడు చూస్తుంది. వాళ్లకి జీతం ఉండదు, వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వస్తారు."

"జీతం ఇవ్వకుండా పని చేయించుకుంటారా? మరి పనివాళ్ల హక్కులు ఎవరు చూస్తారు?"

"ఆ విభాగం పై అంతస్తులో ఉంది," అని నవ్వింది. "తరవాత ఫిర్యాదు మీ ప్రభుత్వానికి పంపి సంజాయిషీ అడుగుతాం."

"పట్టుకెళ్లినవాళ్లనే అడుగుతారా, పట్టుకెళ్లారా అని?"

"పద్ధతి అదేనండీ. జవాబు రాకపోతే ఆందోళన వ్యక్తం చేస్తాం."

"అప్పటికీ రాకపోతే?"

"తీవ్ర ఆందోళన."

మా గోడౌనులో పరుపుల్లాగా ఆందోళనలోనూ రకాలున్నాయన్నమాట. ఏ రకం వేసినా పడుకునేవాడు మాత్రం నేల మీదే.

"పోనీ, మీవాళ్లు ఒకసారి జైలుకెళ్లి చూడొచ్చుగా?"

"ప్రభుత్వం పిలిస్తేనే వెళ్లాలండీ." ఆమె గొంతు తగ్గించింది. "ఒక దారుంది. ఏదైనా సంస్థ తన వంతు మీకిస్తే సభలో రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. రెండు నిమిషాలు దాటితే మైకు ఆగిపోతుంది."

ఒక సంస్థ తన వంతు ఇచ్చింది. మా ఆవిడ మాట్లాడతానంది. బేరంలో సరుకు ముందు, మర్యాదలు తరవాత అని నా అనుభవం చెప్పబోయాను.

"మీరు ఊరుకోండి. మీకిస్తే ఆ రెండు నిమిషాలూ గొంతు సవరించుకోవడానికే చాలవు," అంది.

సభలో ఆమెకన్నా ముందు మాట్లాడినవాళ్లంతా అధ్యక్షులవారికి కృతజ్ఞతలు చెబుతుండగానే మైకు ఆగిపోయింది. ఈమె లేచి, సంచిలోంచి చొక్కా తీసి పైకెత్తింది. కాలరు నల్లగా ఉంది.

"ఇది మా తమ్ముడిదండీ. ఈ వారం సెంట్రల్ జైలు గేట్లోంచి వచ్చింది. వాడేం చేశాడో ఎవరూ చెప్పట్లేదు. తప్పు చేస్తే కోర్టుకి తీసుకెళ్లండి, లేకపోతే ఇంటికి పంపండి." వాడి పేరు చెప్పి కూర్చుంది. ఇంకా బోలెడు సమయం మిగిలింది. మిగిలిన సమయాన్ని ఏం చేయాలో అధ్యక్షుడికి తోచలేదు.

మా ప్రభుత్వ ప్రతినిధి జవాబు చెప్పడానికి లేచాడు. "ఆ పేరుగల వ్యక్తి మా ఏ జైల్లోనూ లేడు. మా జైళ్ల తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

ఈ మాట ఆయన ప్రతి సభలోనూ అంటాడు. ఎవరూ పట్టించుకోరు. కానీ ఈసారి నిపుణుల బృందంలోంచి చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన మైకు అడిగాడు. పిలుపు కోసం మా ప్రభుత్వానికి ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాడట.

"పిలిచినందుకు ధన్యవాదాలు. రేపు ఉదయం వస్తాను."

ఆ పిలుపు అప్పటికే అన్ని భాషల్లోకీ అనువాదమైపోయింది. ప్రతినిధి గ్లాసెత్తి మంచినీళ్లు తాగాడు. ప్రభుత్వ సహకారాన్ని స్వాగతిస్తున్నామని అధ్యక్షుడు అలవాటు ప్రకారం అనేశాడు. ఫైళ్ల మేడం రాసేసుకుంది.

చుట్టూ ఉన్నవాళ్లు మా ఆవిడను మెచ్చుకుంటున్నారు. నేను మాత్రం ఆ ప్రతినిధి వంకే చూస్తున్నాను. వ్యాపారం చేసేవాడికి ఈ లెక్క తెలుసు. లేదని చెప్పిన సరుకు తనిఖీలో దొరక్కూడదు. తనిఖీకి ముందే దాన్ని తీసేయాలి. ఇంటికి పంపొచ్చు, ఎవరికీ కనపడని చోటికీ పంపొచ్చు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం ఆమె చొక్కా నానబెట్టలేదు. మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఉతకవా?"

"ఇదే ఆఖరిదైతేనో?" అంది.

తెల్లవారగానే శుభ్రమైన బట్టలు పట్టుకుని ఇద్దరం జైలు గేటుకి వెళ్లాం. గార్డు మూట ముట్టుకోలేదు.

"ఆ పేరుగలవాడు ఇక్కడ లేడమ్మా. ఎప్పుడూ లేడు."

"లేనివాడికి ఇన్నాళ్లూ బట్టలెందుకు తీసుకున్నావు నాయనా? మాసినవి ఎవరివిచ్చావు?"

అతను తన బూట్ల వంక చూసుకున్నాడు. "ఇంటికెళ్లి చూసుకోండమ్మా," అన్నాడు.

మా దుకాణం ముందు, మూలన పడేసిన విరిగిన కుర్చీలో బావమరిది కూర్చుని ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. ఎక్కడా లేని మనిషిని చీకటుండగానే జీపులో తెచ్చి వీధి చివర దింపారట.

"కాలు విరిగిన కుర్చీ బయట పెట్టావేంటి బావా? పడిపోయేవాణ్ణి," అన్నాడు. వాళ్లక్క వాడి వీపు మీద ఒక్కటిచ్చి, పట్టుకుని ఏడ్చింది.

పెద్దాయన జైలుకెళ్లి, అప్పుడే సున్నం కొట్టిన ఖాళీ గది చూసి వచ్చాడు. ఫిర్యాదులో చెప్పిన వ్యక్తి కనబడలేదని, ప్రభుత్వ సహకారం ప్రశంసనీయమని, ఆధారం లేనందున ఫిర్యాదు మూసేస్తున్నామని మండలి తేల్చింది.

"మావాడు వచ్చేశాడమ్మా," అన్నాను ఫైళ్ల మేడంతో.

"చాలా సంతోషమండీ. విడుదలయ్యాడని మాత్రం రాయలేను. లోపలున్నట్టు తేలలేదుగా." అటూ ఇటూ చూసింది. "ఇంట్లో ఉన్నాడు కదా? ఇక కదపకండి."

బావమరిది మాత్రం కదుపుదామన్నాడు. "నన్ను ఇన్నాళ్లు కూర్చోబెట్టినందుకు అడగొద్దా బావా?"

"అడిగితే, నువ్వు లోపలున్నావని వాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే లెక్క సరిచేయడానికి మళ్లీ లోపల పెడతారు. వద్దురా."

మండలిని ఎంత వెక్కిరించినా ఒక మాట ఒప్పుకోవాలి. అదే లేకపోతే మా ప్రభుత్వానికి అంత పెద్ద అబద్ధం చెప్పే చోటు ఉండేది కాదు. ఆ అబద్ధమే చెప్పకపోతే మావాడు ఇంటికి వచ్చేవాడు కాదు.

కాస్త కోలుకున్నాక వాడు ప్రెస్సు తెరవడానికి బయల్దేరాడు, ఆ చొక్కాయే తొడుక్కుని. ఎంత ఉతికినా కాలరు నలుపు పూర్తిగా పోలేదు.

"మళ్లీ గొట్టాల జోలికి పోకు," అంది వాళ్లక్క.

"నేనెందుకు పోతానక్కా? గొట్టాలు వేసేశామని ఆ ప్రతినిధి చేత మండలిలో ఒకసారి అనిపించు. ఆ పెద్దాయన చూడ్డానికి వస్తానంటే చాలు, తెల్లారేసరికి వేసేస్తారు."

నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. వంటింట్లో బిందెల వైపు చూసింది.

"ఈసారి ఖాళీ బిందె పట్టుకెళ్తానండీ," అంది. "మళ్లీ సభ ఎప్పుడు?"