గడ్డిచామంతికి గౌరవం

తెగిన చోట గడ్డిచామంతి ఆకు పసరు పిండితే నెత్తురు కడుతుందని మా వృక్షశాస్త్ర విభాగానికి మొదట చెప్పినవాడు తోటమాలి. అతను చెప్పింది నిజమేనని ప్రయోగశాలలో తేల్చడానికి మాకు ఆరేళ్లు పట్టింది. ఆ సంతోషంలో, ప్రహరీ వెంట దానంతటదే పెరిగిన ఆ మొక్క గౌరవార్థం అక్కడే మూలికావనం వేయాలని తీర్మానించాం. వనానికి ముందు నేల శుభ్రపడాలి గనుక, కలుపుమందు కొట్టమన్న ఉత్తర్వు మీద విభాగాధిపతిగా నేనే సంతకం చేశాను.

ప్రారంభోత్సవం రోజు ఉదయం, గడ్డిచామంతి బొమ్మ వేసిన రేకు ఫలకం బిగిస్తూ తోటమాలి అరచెయ్యి కోసుకున్నాడు. నెత్తురు ధారగా కారింది.

"ఎవరైనా నాలుగాకులు తెండర్రా!" అని కేకపెట్టాను.

"ఇంకెక్కడి ఆకులమ్మా? వేళ్లతో సహా మాడ్చేశాం కదా. ఆ బొమ్మనే పిండి చూడండి" అన్నాడు, పళ్లు బిగబట్టి.

నా చేతిరుమాలు అతని చేతికి బిగించి కట్టాను. "మందు కొట్టే ముందే ఒక్క మాట చెప్పకపోయావా, నాయనా?"

"చెప్పానమ్మా. అర్జీ రాసి పెట్టుకోమన్నారు."

ఆస్పత్రిలో అతనికి ఏడు కుట్లు పడుతున్న సమయానికి, ఇక్కడ ముఖ్య అతిథి మా పరిశోధనను వేనోళ్ల పొగుడుతున్నారు.