ఒక్కరి విషయంలో తప్ప

ఉస్తాదుగారింట్లో పిల్లిని కూడా మోసం చెయ్యడానికి వీల్లేదు. లోపల ఏమీ లేకుండా గుప్పిట మూసి "రా, రా" అని పిల్లిని పిలిచే మనిషి మాట హదీసులో చెల్లదని ఆయన పట్టుదల. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య ఒకసారి అలా పిలిచి దొరికిపోయింది. ఇప్పుడు దానికేదైనా పెట్టాల్సిందేనని ఆయన పట్టుబడితే, వంటింట్లో వెతికి వెతికి చివరికి ఆయన కోసం తీసిపెట్టిన చేపముక్కే వేసింది. ఆ పూట ఆయన మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు. సత్యానికి ఆమాత్రం ఖర్చుంటుందని ఆవిడ వడ్డిస్తూనే వివరించింది.

ఆయన పనే అది. ప్రవక్త చెప్పారని లోకంలో తిరిగే మాటల్లో, అంటే హదీసుల్లో, ఏది నిజంగా ఆయన చెప్పిందో, ఏది తర్వాతివాళ్ళు అంటగట్టిందో తేల్చడం. మాట ఎంత తియ్యగా ఉందని కాదు, ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి వచ్చిందని చూస్తారు. ఆ గొలుసులో ఉన్న ప్రతి మనిషి గురించీ ఆరా తీస్తారు. నిజాయితీపరుడేనా? జ్ఞాపకం గట్టిదేనా? ముసలితనంలో మతి చెదిరిందా, చెదిరితే ఎప్పట్నుంచి? అంతకుముందు అతని దగ్గర విన్నవి చెల్లుతాయి, ఆ తర్వాత విన్నవి చెల్లవు.

"పూర్వం ఒకాయనకి మతి చెదిరితే కొడుకులే ఆయన్ని శిష్యుల కంట పడనివ్వలేదట. ఒక్క తప్పు మాట కూడా బయటికి పోకుండా చూశారు" అనేవారు ఉస్తాదుగారు. "మనకి కొడుకుల్లేరు. నాకలా అయితే తలుపు మూసే పని నీదే."

"మతి ఉండగానే నా మాట వినరు, పోయాక వింటారా?" అని ఆవిడ నవ్వేసింది. నవ్వుతూనే మాటిచ్చింది.

ముందుగదిలో చాప మీద శిష్యులకి పాఠం. వంటింటికీ దానికీ మధ్య ఒక్క తెర. తెర ఇవతల కూరలు తరుగుతూ ఇన్నేళ్ళు విన్నాక ఆవిడకీ అన్నీ నోటికొచ్చేశాయి.

ముందుగది గోడలకి సున్నం వేయించిన వారం, ఆయన ఒక హదీసు ఎత్తుకుని దాని గొలుసులోకి ఇంకో హదీసులోని మనిషిని లాక్కొచ్చారు. ఆవిడ చేతిలో స్టీలు పళ్ళెం ఉంది. ఏమీ ఆలోచించలేదు, వదిలేసింది. గచ్చు మీద ఆ మోతకి ముందుగదిలో గొంతు ఆగిపోయింది. "ఎక్కడున్నాం?" అంటూ ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి సరిగ్గా వచ్చింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో పళ్ళేలు పడుతూనే ఉన్నాయి.

సున్నం వాసన పోకముందే ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి పాఠంలో చేరాడు. గడ్డంలో అప్పుడే నెరుపు కనిపిస్తున్న మనిషి, ఈ చదువు కోసం నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకున్నాడు. "అత్తా, నీ చేతుల్లో పట్టు తప్పింది. కాస్త నూనె రాసుకో" అనేవాడు.

"రాసుకున్నానురా. అందుకే జారుతున్నాయి."

మేనల్లుడికి అనుమతి ఇచ్చే రోజు వచ్చింది. ఇక మీదట ఉస్తాదు దగ్గర విన్నవి తన నోటితో ఇంకొకరికి చెప్పవచ్చన్న అనుమతి. పొద్దున అతను చెమటలు కక్కుతూ వస్తే ఆయన గుమ్మంలోనే పరీక్ష మొదలుపెట్టారు. ఆవిడ అడ్డుపడింది. "అలిసి వచ్చినవాణ్ణి ముందు కూర్చోనివ్వండి. ప్రశ్నలెక్కడికీ పోవు."

మధ్యాహ్నం ఆయన కళ్ళు మూసుకుని ఒక గొలుసు చెప్పారు. పేరు తర్వాత పేరు, ఎక్కడా తొణకలేదు. అసలు మాట చెప్పడానికి కళ్ళు తెరిచారు. "ప్రవక్త అన్నారు: అలిసి వచ్చినవాణ్ణి ముందు కూర్చోనివ్వండి. ప్రశ్నలెక్కడికీ పోవు."

పళ్ళెం పడింది. ఆయన మొదటి నుంచి చెప్పారు. మళ్ళీ అదే మాట, ఇంకాస్త గట్టిగా.

"ఎంత మంచి మాట!" అన్నారెవరో, రాసుకుంటూ.

మంచి మాటే. ఆవిడ భయమంతా అందుకే. చెడ్డ మాటైతే ఎవరో ఒకరు అనుమానించి ఆపేవారు. మంచిది గనక రేపు ఇంకో ఊళ్ళో, ఎల్లుండి ఇంకో నోట, ఆవిడ గుమ్మంలో విసుక్కున్న విసుగు ప్రవక్త పేరు మీద చలామణి అయిపోతుంది.

పళ్ళెం తీసుకుని తెర దాటి వచ్చింది.

"రాయకండి. అది నా మాట."

"ఊరుకో అత్తా, మావయ్య గొలుసుతో సహా చెప్తుంటే..." అని మేనల్లుడు నవ్వాడు.

"పొద్దున గుమ్మంలో నీ గురించే అన్నాను కదరా."

అతని నవ్వు పోయింది. ఉస్తాదుగారు ఆవిడ వైపు తిరిగి, కొత్త మనిషిని ఆరా తీసే గొంతుతో అడిగారు. "నువ్వెవరి దగ్గర విన్నావు?"

"ఎవరి దగ్గరా కాదండీ. నేనన్నాను. మీరు విన్నారు."

ఆయన చాప వైపు చూశారు. "ప్రవక్త అనని మాట ఆయన పేరు మీద చెప్పానా?" అన్నారు, పిల్లాడు అడిగినట్టు. ఆ గొంతు ఆవిడ ఎన్నడూ వినలేదు. "ఎప్పట్నుంచి ఇలా?"

ఇవాళే అంటే చాలు. మేనల్లుడి చదువు నిలుస్తుంది, అనుమతి మిగులుతుంది. అతనూ ఆవిడ వంకే చూస్తున్నాడు, కళ్ళతోనే బతిమాలుతూ. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"గోడలకి సున్నం వేయించిన వారం నుంచి" అంది.

"నేను చేరిందే ఆ తర్వాత, అత్తా."

"తెలుసురా."

"అయితే ఆ పళ్ళేలన్నీ..."

ఆవిడ తలూపింది.

ఉస్తాదుగారు నిటారుగా కూర్చున్నారు. "సున్నానికి ముందు నా దగ్గర విన్నవి ఉంచుకోండి. తర్వాతవి వదిలెయ్యండి. ఇతను ఇంకో గురువుని చూసుకోవాలి." తర్వాత ఆవిడని చూపించి, ఎప్పుడో పోయినవాళ్ళ గురించి చెప్పే పద్ధతిలోనే చెప్పారు. "ఈవిడ సత్యవంతురాలు. జ్ఞాపకం గట్టిది. మాట తీసుకోవచ్చు." ఆగారు. "ఒక్కరి విషయంలో తప్ప. మొగుడి లోపం దాస్తుంది."

మేనల్లుడు తనకి పోసిన టీ పోసినట్టే వదిలేసి, "వస్తానత్తా" అని చెప్పులేసుకున్నాడు. అందరూ వెళ్ళాక ఆవిడ తలుపు మూసింది.

ఇప్పుడూ మధ్యాహ్నమయ్యేసరికి ఆయన టోపీ పెట్టుకుని చాప పరుచుకుంటారు.

"పాఠానికి పిల్లలు రాలేదేం?"

వస్తారండీ అనెయ్యడం ఎంతసేపు? కానీ అదీ ఖాళీ గుప్పిటే.

"రారండీ. తలుపు మూసేశాను."

"ఎవరు మూయమన్నారు?"

"మీరే."

"నేనా? గుర్తులేదే. నేనన్నట్టు ఎవరు విన్నారు?"

"నేను విన్నాను."

ఆయన ఆవిడని కిందికీ మీదికీ చూస్తారు. నిజాయితీ, జ్ఞాపకం, రెండూ తూస్తారు. రోజూ అంతే శ్రద్ధగా తూస్తారు. "నువ్వు విన్నానంటే నిజమే అయ్యుంటుంది" అంటారు, టోపీ తీస్తూ.

"ఒక్కరి విషయంలో తప్ప" అన్న ఆ ముక్క ఆయన మర్చిపోయారు. దాన్ని మోస్తున్నది ఇక ఆవిడొక్కతే. లోపలికి వెళ్ళి అన్నం వడ్డించి, పళ్ళెం రెండు చేతులా పట్టుకొచ్చి, చప్పుడు కాకుండా ఆయన ముందు పెడుతుంది.