పళ్లెం వచ్చినంత మేర

2006 జూలై 8, శనివారం తెల్లవారుజామున ఈజిప్టులోని దమియెట్టాలో, మా వడ్రంగుల వీధిలో, కుర్చీల దిండ్లు కుట్టే నబవియ్య చనిపోయింది. మధ్యాహ్నం నమాజుకు ముందే కేబుల్ రిదా ఆమె డాబా ఎక్కి డిష్ తీగ పీకేశాడు. నాలుగు వీధుల్లో టీవీలు ఆగిపోయాయి. మర్నాడు రాత్రి తొమ్మిదికి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్.

డిష్ ఉన్నది నబవియ్య డాబా మీదే. రిదాకు మొదట రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. 1998లో డిష్ కొన్నాడు కాని, తన ఇంటి చుట్టూ మేడలు అడ్డం. నబవియ్య ఇల్లు మూడంతస్తులు, డిష్ చూడవలసిన నైరుతి దిక్కున ఏ అడ్డూ లేదు. ఆమె భర్త పోయాడు. కూతురు సమాహ్, తను, కుట్టుమిషను, అంతే ఇల్లు. డాబా ఇస్తాను, అద్దె అక్కర్లేదు, ఒక చానల్ మాత్రం నాది అన్నది.

అప్పట్లో కేబుల్ అంటే ఇప్పటిలాగా కాదు. డాబా మీది గదిలో ఆరు రిసీవర్లు ఉండేవి. ఒక్కో డబ్బాలో రిదా ఏ చానల్ పెడితే వీధి అంతా అదే చూడాలి. నాలుగో నెంబరు నబవియ్యది. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లెక్కలేదు. రిదా తన మరమ్మతు బల్ల కూడా పైగదిలోనే వేసుకున్నాడు కాబట్టి, ఆమె దాని కిందే ఉన్న తన గదిలోంచి చేతికర్రతో కప్పు మీద కొట్టేది. ఒక దెబ్బకు తర్వాతి చానల్. రెండు దెబ్బలకు వెనక్కి. పైన రిదా మీట నొక్కితే, వీధిలో నాలుగో నెంబరు పెట్టుకున్న ప్రతి ఇంట్లో బొమ్మ మారిపోయేది.

ఒక సీరియల్లో నాయకుడు రెండో పెళ్లికి ఒప్పుకున్న రోజున కర్ర ఠక్కుమంది. వీధి వీధంతా ఉన్నట్టుండి చేపల పెంపకం కార్యక్రమంలో పడింది. ఆడవాళ్లు అయిదారుగురు కలిసి ఆమె గుమ్మం ముందుకొచ్చారు. కథ ఏమైందో తెలియక చస్తున్నామని మొత్తుకున్నారు. నబవియ్య కుట్టు ఆపలేదు.

"ఆ వెధవ మొహం నేను చూడను. మీరు చూస్తే వాడికి అలుసైపోతాం" అన్నది.

మర్నాడు అదే వేళకు తనే మళ్లీ పెట్టించింది. వాడు భార్య కాళ్ల మీద పడతాడేమో చూడాలని.

ఆ రోజుల్లో ఏ ఇంట్లో నవ్వినా అన్ని ఇళ్లలోనూ ఒకేసారి నవ్వేవాళ్లు. ప్రకటనలు రాగానే అన్ని వంటిళ్లలో కుళాయిలు ఒకేసారి మోగేవి. కిటికీలు తెరుచుకుని పడుకునే వేసవిలో, మధ్యలో టీ పెట్టుకోవడానికి లేచినవాళ్లు ఎదురింటి టీవీ చప్పుడు వింటూ కథ తప్పకుండా నడిపించుకునేవాళ్లు.

తీగ పీకే పద్ధతి కూడా నబవియ్య పెట్టిందే. కేబుల్ వచ్చిన మొదటి ఏడు బొగ్గుల కొట్టు యజమాని తండ్రి చనిపోయాడు. పొరుగున చావు జరిగితే మూడు రోజులు రేడియో పెట్టకపోవడం మావాళ్లకు ఎప్పటినుంచో ఉన్నదే. కాని కొత్త మోజులో ఎవరింట్లోనో టీవీలో పాట మోగింది. ఎవరింట్లో అని వీధి గొడవ పడుతుంటే, కప్పు మీద కర్ర ఆగకుండా మోగింది. రిదా కిందకి దిగొచ్చాడు.

"తీగ పీకెయ్ రా నాయనా" అన్నది నబవియ్య. "ఎవరింట్లో సిగ్గుందో, ఎవరింట్లో లేదో వెతుక్కునే పని మనకెందుకు?"

అప్పటినుంచి అదే పద్ధతి. వీధిలో ఎవరు పోయినా మూడు రోజులు తీగ ఉండదు. ఎవరూ ఎందుకని అడగలేదు. పట్టపగలు టీవీ ఆగిపోతే ఆడవాళ్లు బాల్కనీలోకి వచ్చి, పోయింది ఎవరని అడిగేవాళ్లు.

తీగ పొడుగు పెరుగుతూ వచ్చింది. 2000లో రెండో వీధికి, 2003లో మూడో వీధికి వెళ్లింది. 2005కి కాలువ గట్టున ఉన్న నాలుగో వీధిని కూడా అందుకుంది. మూడో వీధి దగ్గరకు వచ్చేసరికి బొమ్మ పలచబడింది. సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ పెట్టె ఒకటి దారిలో పెట్టాల్సివచ్చింది. అది రాత్రింబవళ్లు గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, ఇంటి కరెంటు తింటుంది. మూడో వీధిలో అందరూ తలుపు దగ్గర నుంచే టీ ఇచ్చి రిదాను పంపేశారు. ఒప్పుకున్నది కలప డిపోలో బరువులు మోసే అబూ దైఫ్ ఒక్కడే. తన మెట్ల కింద గోడకు కొట్టించుకున్నాడు. బదులుగా అతనికి కనెక్షన్ ఉచితం.

అబూ దైఫ్, భార్య షామియ్య సోహాగ్ నుంచి వచ్చారు. దక్షిణాది నుంచి వచ్చినవాళ్లను మావాళ్లు సయీదీలు అంటారు. వాళ్ల మొండితనం మీద మావాళ్లకు జోకులున్నాయి, మావాళ్ల పిసినారితనం మీద వాళ్లకూ ఉన్నాయి. ఇంటికొచ్చిన చుట్టాన్ని దమియెట్టావాడు 'భోంచేస్తావా, ఖాళీ కడుపుతో తేలిగ్గా పడుకుంటావా' అని అడుగుతాడని అబూ దైఫ్ డిపోలో అనేవాడు. వచ్చి మూడేళ్లు దాటినా ఆ ఇంటి పేరు సయీదీల ఇల్లే.

శనివారం సాయంత్రం, నబవియ్యను పాతిపెట్టి వచ్చాక, మూడో వీధి, నాలుగో వీధి మగవాళ్లు రిదాను చుట్టుకున్నారు. ముందున్నది మంగలి హిల్మీ. ఫైనల్ కోసం దుకాణం ముందు పెద్ద టీవీ పెట్టి, చుట్టుపక్కల కార్ఖానాల నుంచి బంగారు రంగు వేసిన కుర్చీలు అరువు తెచ్చి వరసగా వేయించాడు. కేబుల్ వచ్చాక పాత యాంటెన్నాలు చాలామంది ఎప్పుడో దించేశారు. కాలువకు అవతల షౌకీ అని ఇంకో కేబులువాడున్నాడు. అతను అప్పటికే తీగచుట్ట భుజాన వేసుకుని నాలుగో వీధిలో తిరుగుతున్నాడు. ఆ రెండు వీధులూ పోతే రిదాకు సగానికి పైగా ఇళ్లు పోయినట్టే.

రిదా సమాహ్ దగ్గరకు వెళ్లాడు. ఆమె ఆడవాళ్ల మధ్య నల్లబట్టల్లో కూర్చుని ఉంది. మూడో వీధి, నాలుగో వీధి వాళ్లు ఫైనల్ కోసం తీగ తగిలించమంటున్నారని చెప్పాడు.

"అమ్మను ఎరగనివాళ్లు అమ్మ కోసం ఎందుకు ఆగాలి, రిదా అన్నా?" అన్నది సమాహ్. "ఎరిగినవాళ్లు ఎక్కడిదాకా ఉన్నారో నువ్వే చూడు. తీగ నీకు తెలిసినట్టు నాకు తెలీదు."

చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలగదు. పొరుగువాళ్లు పళ్లేల్లో అన్నం, కూర, రొట్టెలు పంపుతారు. రిదా గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, పళ్లేలు ఏ ఇళ్ల నుంచి వస్తున్నాయో చూశాడు. మొదటి వీధి నుంచి వచ్చాయి. రెండో వీధి నుంచి వచ్చాయి. ఆఖరిది బొగ్గుల కొట్టు ఇంటిది, అది రెండో వీధి మలుపు. తర్వాత ఇంకేమీ రాలేదు. ఆ రాత్రి అతను డాబా ఎక్కి డిష్ తీగ మళ్లీ తగిలించాడు. నిచ్చెన వేసుకుని మొదటి రెండు వీధుల్లో ఇళ్లకు పోయే పాయలన్నీ విప్పేశాడు. ముందుకు పోయే తీగను మాత్రం ఉంచాడు. బొగ్గుల కొట్టు దాకా టీవీలు లేవు. ఆ పక్క నుంచి ఉన్నాయి. హిల్మీ అతని భుజం తట్టి, బతికించావు అన్నాడట.

ఆదివారం పొద్దువాలే వేళ, అస్ర్ నమాజు తర్వాత షామియ్య పళ్లెం నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి వచ్చింది. మూతగుడ్డ కింద బాతు కూర, సోహాగ్‌లో పిండిని ఎండలో పొంగనిచ్చి కాల్చుకునే ఎండ రొట్టెలు. గుమ్మం దగ్గర ఉన్న ఆడవాళ్లు ఎవరని ఒకరినొకరు చూసుకున్నారు. సమాహ్ లేచి వచ్చి పళ్లెం అందుకుంది. కూర్చోమని, చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ ఇచ్చింది. షామియ్య తాగింది, దీవెన చదివింది, బయటకు వచ్చి రిదా ముందు నిలబడింది.

"అన్నా, మా పళ్లెం తీసుకున్నారు" అన్నది. "మా ఇంట్లో టీవీ ఎందుకు వస్తోంది?"

రిదా ఆమెకు నచ్చజెప్పబోయాడు. మీరు దూరం కదా, ఆమెను ఎప్పుడూ చూసి కూడా ఉండరు కదా అన్నాడు.

"చూళ్లేదు. కాని మూడేళ్లుగా ఆమె చూసిందే నేనూ చూశాను. ఇక్కడ ఆమె కర్రతో కొడితే అక్కడ మా ఇంట్లో చానల్ మారేది. వంట చేసుకుంటూ 'ఇవాళ ముసలమ్మకు కోపమొచ్చింది' అనుకునేదాన్ని. నిన్న రాత్రి నుంచీ నాలుగో నెంబరు మారలేదు. ఎరగనిదాన్నెలా అవుతాను?"

మీ ఇంటి పాయ ఒక్కటే తీసేస్తానన్నాడు రిదా. ఆమె ఒప్పుకోలేదు. పెట్టె తమ మెట్ల కింద మోగుతోందనీ, తమ కరెంటుతోనే మోగుతోందనీ, తను పళ్లెం పంపిన చావుకు తన ఇంటి నుంచే వీధంతా టీవీ నడవడం బాగుండదనీ చెప్పింది. చెప్పి వెళ్లిపోయింది.

రిదా మూడో వీధికి వెళ్లేసరికి తొమ్మిది కావస్తోంది. నేను వెనకాలే వెళ్లాను. హిల్మీ దుకాణం ముందు కుర్చీలు నిండాయి. ఆ ఎదురుగానే అబూ దైఫ్ ఇల్లు. అబూ దైఫ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె గుయ్యిమంటోంది.

"పెట్టె నీది, కరెంటు నాది" అన్నాడు అబూ దైఫ్. "నీ అన్నం నేను చెడగొట్టను. విప్పుకుని హిల్మీ గోడకు కొట్టుకో. ఈ గోడ మీద ఉంటే మాత్రం మోగొద్దు."

సంగతి తెలిసి హిల్మీ రోడ్డు దాటి వచ్చాడు. అతని చేతిలో వైరు ఉంది. గోడ కూడా అక్కర్లేదు, నా దుకాణంలోంచి కరెంటు లాగు, పెట్టె ఇక్కడే ఉండనీ అన్నాడు. కరెంటే కదా వీళ్ల బాధ అన్నాడు.

"రెండు గంటలు, రిదా. రెండే గంటలు" అన్నాడు హిల్మీ. "ఆ ముసలమ్మ మాకేమవుతుంది?"

రిదా పెట్టె దగ్గరకు వెళ్లాడు. టీవీలో ఆటగాళ్లు వరసలో నిలుచున్నారు.

"నాకు తెలీదు హిల్మీ" అన్నాడు. "వీళ్ల పళ్లెం మాత్రం లోపలికి వెళ్లింది. నేను చూశాను."

వంగి ప్లగ్గు పీకాడు. గుయ్యిమనే చప్పుడు ఆగింది. కుర్చీల్లోంచి కేక లేచింది. ఆ తర్వాత నాలుగో వీధి వైపు నుంచి ఇంకో కేక, కాస్త ఆలస్యంగా. హిల్మీ చేతిలోని వైరు రిదా కాళ్ల దగ్గర పడేసి, ఇక మా వీధిలో అడుగుపెట్టకు అన్నాడు. మగవాళ్లు తలో కుర్చీ నెత్తిన పెట్టుకుని కాలువ దాటి షౌకీ పేటకు వెళ్లారు. అన్నీ బంగారు కుర్చీలే కావడంతో పెళ్లి ఊరేగింపనుకుని అవతలి గట్టున ఒకామె పెళ్లిళ్లలో నాలుక ఆడిస్తూ వేసే శుభకేక వేసింది. ఎవరు గెలిచారో మా వీధికి పొద్దున రొట్టెల బట్టీ దగ్గర తెలిసింది.

మంగళవారం సమాహ్ స్వయంగా డాబా మీదకు వెళ్లి పాయలు తగిలించమని రిదాకు చెప్పింది. నాలుగో నెంబరు ఆఖరిసారి నబవియ్య పెట్టించిన చానల్ మీదే ఉంది. చాలాకాలం అలాగే ఉంచాడు.

నెలాఖరుకు మూడో వీధిలో మూడు ఇళ్లు తప్ప మిగతావన్నీ, నాలుగో వీధి మొత్తం షౌకీ తీగ కిందకు వెళ్లిపోయాయి. రిదా వాటిని తిరిగి అడగలేదు. షౌకీ కూడా ఎక్కువకాలం నిలవలేదు. చైనా రిసీవర్లు చవకయ్యాయి. ఇంటికొక డిష్, తర్వాత గదికొక డిష్ వచ్చాయి. 2011లో రిదా నబవియ్య డాబా ఖాళీ చేసి, వాటినే అమర్చే పనిలోకి దిగాడు. ఇప్పుడు పక్కింట్లో ఏం చూస్తున్నారో ఎవరికీ తెలియదు. టీవీ ఆగిపోతే కరెంటు పోయిందనుకుంటారు.

2017 నవంబరులో, ఒక సోమవారం, అబూ దైఫ్ చనిపోయాడు. రిదా చావింటి బయట కుర్చీలు వేశాడు. మధ్యాహ్నం సమాహ్ పళ్లెం తీసుకుని మూడో వీధికి వచ్చింది. షామియ్య లేచి అందుకుంది. మెట్ల కింద పెట్టె ఇంకా గోడకే ఉంది, ప్లగ్గు కిందకి వేలాడుతోంది. సాయంత్రం హిల్మీ దుకాణంలో టీవీ మోగుతోంది. సమాహ్ ఇంట్లో గురువారం దాకా టీవీ పెట్టలేదు.