నెమలి మెడ పక్కన వేలిముద్ర

నేను ఒక వెండి నాణేన్ని. అయితే సంతలో చేతులు మారే రకాన్ని కాదు సుమండీ, ప్రూఫ్ నాణేన్ని. మమ్మల్ని దాచుకునేవాళ్ల కోసమే చేస్తారు. పుట్టి నలభై ఏళ్లు దాటినా ఇంతవరకు ఒక్క అరటిపండు కొన్న పాపాన పోలేదు.

నా పుట్టుక గురించి కాస్త గొప్పలు చెప్పుకోనివ్వండి. మామూలు నాణేలను టకటకా ఒక్క దెబ్బతో కొట్టి సంచుల్లో పోస్తారు. నన్ను మాత్రం ఉత్త బిళ్ళగా ఉన్నప్పుడే తళతళలాడేలా రుద్దారు. అచ్చుకు కూడా మెరుగుపెట్టి, ఆపైన రెండు దెబ్బలు వేశారు. అందుకే నా మీది నెమలి మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది, దాని చుట్టూ ఖాళీ జాగా అద్దంలా ఉంటుంది. చేతులకు తొడుగులు వేసుకుని మరీ నన్ను డబ్బీలో పడుకోబెట్టారు.

ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండి, చివరికి రాజమండ్రిలో పేర్రాజు గారింటికి చేరాను. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాణెం పనితనం ఎంచడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పొద్దున్నే గుమ్మానికి వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చుని, నన్ను అంచులతో పట్టుకుని, భూతద్దం కంటికి ఆనించి, వెలుగులో మెల్లగా తిప్పేవారు. నెమలి పింఛంలో ఒక్కో కన్నూ పరీక్షించి "ఎక్కడా వంక లేదు" అని మురిసిపోయేవారు. ఇంట్లో మనిషిని ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశారా అంటే, నేను చెప్పలేను బాబూ.

ఆ ఇంట్లో మనిషి మాణిక్యాంబ గారు, ఆయన భార్య. ఒకరోజు కాఫీ తెచ్చి బల్ల మీద పెడుతూ నన్ను చూశారు. "ఏవండీ, ఈ నెమలి ఎంత ముద్దుగా ఉందో!" అంటూ, చిన్నపిల్ల బుగ్గ తాకినట్టు, నెమలి మెడ పక్కన బొటనవేలు ఆనించారు. నా బతుకులో అంచు మీద కాక, నా ముఖం మీద పడిన మొదటి వేలు అది. వెచ్చగా ఉంది. ఎప్పుడో వంకాయలు తరుగుతుంటే కత్తిపీటకు తెగి, వేలికి అడ్డంగా ఒక గాటు మిగిలింది. అది కూడా నాకు తెలిసింది.

పేర్రాజు గారు ఉలిక్కిపడి లేచారు. "ఏమేవ్! బుద్ధుందా నీకు? ముప్పై ఏళ్లుగా చెబుతున్నా, నాణేల మీద చెయ్యి వెయ్యొద్దని! ఇంకెప్పుడూ ఈ గదిలో అడుగు పెట్టకు!"

ఆవిడ ఒక్క క్షణం చూసి, "అలాగేనండీ" అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. తొమ్మిదేళ్లపాటు ఆయన కాఫీ గడప అవతల స్టూలు మీదే ఉండేది. ఆయన మాత్రం ఆ రోజే నన్ను స్పిరిట్‌లో ముంచి తీసి, భూతద్దంలో చూసి, మరక లేదని ఊపిరి పీల్చుకున్నారు. మంచి మనిషే, కానీ ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి తొమ్మిదేళ్లలో నోరు రాలేదు.

తర్వాత మాణిక్యాంబ గారు మూడు రోజుల జ్వరంతో పోయారు.

పదకొండో రోజు, ఇంటినిండా చుట్టాలుండగా, ఆయన గదిలోకొచ్చి నన్ను తీశారు. నెమలి మెడ పక్కన గోధుమరంగులో ఒక వేలిముద్ర ఉంది. ముందురోజు లేదు. భూతద్దం పెట్టారు. ముద్రకు అడ్డంగా గాటు. "వెండి కదా, చేతి మరక ఆలస్యంగా తేలుతుంది" అని పైకే అనుకున్నారు, ఎవరికో సర్దిచెబుతున్నట్టు.

నన్ను విశాఖలో నాణేల ప్రదర్శనకు తీసుకెళ్లడానికి ఆయన స్నేహితుడు కోటిలింగం కూడా ఆ రోజే వచ్చాడు. నాకు మొదటి బహుమతి ఖాయమని ఇద్దరూ ఏడాదిగా కలలు కంటున్నారు. నన్ను చూసి అతను గుండె బాదుకున్నాడు. "అయ్యో గురువుగారూ, చెయ్యి పడిందండీ! మందునీళ్లలో ముంచండి, పోద్ది."

ముంచారు. నా ఒళ్లు మండింది. ముద్ర పోయింది. మర్నాడు పొద్దున్న డబ్బీ తెరిస్తే అదే చోట, ఇంకా ముదురుగా ఉంది. మళ్లీ ముంచారు. మళ్లీ వచ్చింది. ఎలా వస్తోందని నన్నడక్కండి, నాకే ఒళ్లు జలదరించింది.

మూడోసారి మందు సీసా తీసి, ఆఖరుసారిగా నన్ను వెలుగులో తిప్పారు. నా అద్దంలో ఆయన భుజం, ఆ వెనక గుమ్మం కనిపించాయి. గుమ్మంలో మాణిక్యాంబ గారు కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నారు. గడప అవతలే. లోపలికి రావద్దన్నారు కదా మరి.

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగారు. ఎవరూ లేరు. నాలోకి చూశారు. ఉన్నారు.

సీసాకు మూత పెట్టేశారు. "లోపలికి రా, మాణిక్యం. నేనేదో కోపంలో అన్నాను. అంత మాట పట్టుకుంటావా?" అంటూ ఏడ్చేశారు. తర్వాత, ఏ చెయ్యీ పడకూడదని ఊరందరికీ పాఠాలు చెప్పిన ఆ మనిషి, తన బొటనవేలు తెచ్చి ఆ ముద్ర పక్కన గట్టిగా నొక్కారు. విశాఖ లేదు, బహుమతి లేదు. అప్పటినుంచి నా అద్దంలో గుమ్మం ఖాళీగానే ఉంది. ఆవిడ వెళ్లిపోయారో, గడప దాటి లోపలికే వచ్చారో, ఆ చిన్న అద్దంలో నాకెలా తెలుస్తుంది?

ఆయన ముద్ర మాత్రం తేలలేదు. రోజూ పొద్దున్నే భూతద్దం పట్టుకుని, "నీది వచ్చింది, నాది ఇంకా రాలేదే" అని నాతోనో, మరెవరితోనో అనేవారు. ఆ మాటల్లో దిగులు లేదు, రైలు ఆలస్యమైతే ఉండే విసుగు ఉండేది. అలా నాలుగేళ్లు గడిచాయి.

నిన్న తెల్లారేసరికి నా మీద రెండో ముద్ర తేలింది. గోధుమరంగులో, స్పష్టంగా, ఆవిడ ముద్రను ఆనుకుని ఉంది. ఆయన చూస్తే ఎంత సంబరపడతారోనని ఎదురుచూశాను. డబ్బీ మూత ఎవరూ తీయలేదు. ఇంట్లో ఆయన అడుగుల చప్పుడూ లేదు. ఎండ బల్ల మీదికి వచ్చే వేళకు గదిలో కాఫీ వాసన వచ్చింది. గడప దగ్గర కాదు, ఇక్కడే, బల్ల మీద.