ఆదెమ్మ కడిగిన రాడ్లు

ఇంజన్ విప్పినప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదంటాను నేను. ఉంటే ఒకడు బోల్టు తన్నేస్తాడు, ఇంకొకడు సలహా చెబుతాడు. సారపాకలోని నా షెడ్డు ముందు, పని జరిగే చోట నిలబడొద్దని బోర్డు కూడా రాయించాను. కానీ ఇప్పుడు చెప్పే పని జరిగింది నా షెడ్డులో కాదు, బొజ్జయ్య ఇంటి వాకిట్లో.

బొజ్జయ్య జీపు భద్రాచలం అవతల అడవిలో, వాళ్ల గూడెంలోనే పాడైంది. కొన్నాళ్లుగా పొగ కక్కుతూ, ఆయిల్ తాగుతూ, చివరికి ఎత్తు ఎక్కనని మొరాయించింది. ఆ దారిలో లాక్కురావడం అయ్యే పని కాదు. సామాన్లు మూట కట్టుకుని నేనే వెళ్లాను. మామూలు బండి అయితే వారం తీసుకునేవాణ్ణి. ఇది గురువారానికి నడవాలి. బొజ్జయ్యకు కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు కొడుకు శివ ఆ జీపులోనే భద్రాచలం తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాడు. ఆ సోమవారం ఎవరి ట్రాక్టర్ మీదనో వెళ్లొచ్చారు. ఆ కుదుపులకు బొజ్జయ్య ఇంక చచ్చినా దాని మీద ఎక్కనన్నాడు.

మంగళవారం పొద్దున్నే ఇంజన్ విప్పాను. నాలుగు పిస్టన్లలో రెండు అరిగిపోయాయి, రెండు కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. మొత్తం సెట్టు కొత్తది వేసే స్తోమత వాళ్లకు లేదు. మధ్యాహ్నం భద్రాచలం వెళ్లి తెచ్చిన రెండు పిస్టన్లు కొత్తవి, రెండు రాడ్లు తుక్కు దుకాణంలో ఏరినవి, మిగతావి ఉన్నవే. మేమందరం ఇలాగే చేస్తాం. నడుస్తాయి కూడా.

కనెక్టింగ్ రాడ్డు అడుగు భాగం రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్కను క్యాప్ అంటాం. రెండింటినీ కలిపి బిగించి ఒక్కటిగా గుండ్రంగా తొలిచి బోరు చేస్తారు కాబట్టి, ఒకదాని క్యాప్ ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు; అలాగే బిగిస్తే బేరింగ్ కాలిపోతుంది. అందుకే విప్పగానే మొనదేలిన పంచ్‌తో చుక్కలు కొట్టుకోవాలి. ఒకటో రాడ్డుకూ దాని క్యాప్‌కూ ఒక చుక్క, రెండోదానికి రెండు. ఉస్తాద్ నాకు మొదటి రోజే నేర్పిన పని ఇది. వీటి మీది పాత గుర్తులు ఎవరో ఎప్పుడో గీకేశారు. నా పంచ్ సంచి అడుగున ఎక్కడో ఉంది. పొద్దుగూకుతోంది, నేను వాగు దాటాలి. తెచ్చినవీ ఉన్నవీ కలిపి నాలుగు జతలూ గోనెసంచి మీద వరసగా పేర్చి, పొద్దున కొడదాంలే అనుకున్నాను. అది ఒట్టి బద్ధకం.

పొద్దున వెళ్లేసరికి గోనెసంచి మీద రాడ్లన్నీ తళతళలాడుతున్నాయి. క్యాపులు నాలుగూ పక్కన చేటలో కుప్పగా ఉన్నాయి. బొజ్జయ్య భార్య ఆదెమ్మ మోచేతులదాకా నల్లటి మసితో నవ్వుతూ నిలబడింది.

"బూడిద, చింతపండు పెట్టి తోమిన తమ్మీ. మస్తు జిడ్డున్నది. నీకింత పని తక్కువైతదని."

నాకు ఒళ్లు మండిపోయింది. ముట్టుకోమని ఎవరు చెప్పారని నోటిదాకా వచ్చింది. అంతలో ఆమే అంది.

"మీ బావకు రక్తం కడిగినంక మనిషి లేసి కూసుంటడు గదా. దీనికి గూడ గట్లనే ఉంటదనుకున్న."

చేటలోని క్యాపులు తిరగేసి చూశాను, ఏది ఏ రాడ్డుదో తెలియలేదు.

చెయ్యాల్సిందేమిటో నాకు తెలుసు. రాడ్లన్నీ లేత్ షాపుకు తీసుకెళ్లి కొలిపించి, మళ్లీ బోరు చేయించాలి. అంటే శుక్రవారమో శనివారమో అవుతుంది. మంచం మీద బొజ్జయ్య కాళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రేపు పోతమా కోటేషూ?" అన్నాడు.

"పోతరు బావా," అన్నాను.

అంచనా మీద క్యాపులు బిగించి చేత్తో తిప్పి చూశాను. ఒకచోట పట్టింది. రెండు క్యాపులు మార్చాను. తిరిగింది. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. తిరగడం వేరు, కుదరడం వేరని నాకు తెలియదా? తెలుసు. సాయంత్రానికి ఇంజన్ స్టార్టయింది. ఆదెమ్మ నా కోసం కోడిని కోసింది. తిన్నాను కూడా.

గురువారం వాన. గూడెం దాటి పది కిలోమీటర్లు వెళ్లాక లోపల టకటక మొదలైందట. శివ చక్రానికి రాయి తగులుతోందనుకున్నాడు. ఇంకాస్త దూరం పోయాక ఇంజన్ పట్టేసింది. అక్కడ సిగ్నల్ లేదు. శివ వానలో పరుగెత్తి ఫోన్ కలిసే చోటు వెతుక్కుని 108ని పిలిచేసరికి, అది ఆ దారిలో వచ్చేసరికి, రెండున్నర గంటలు. అప్పటికే బొజ్జయ్య ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆ సాయంత్రమే శివ నాకు ఫోన్ చేశాడు.

"మామా, ఇంజన్ పట్టేసింది. నాయిన పోయిండు."

నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. చావుకు వెళ్లి అందరి వెనకా నిలబడ్డాను. పాత బండి, ఏం చేస్తామన్నారు జనం. నేనూ తలూపాను. సిగ్గులేకుండా ఊపాను.

ఇరవై రోజుల తర్వాత ఆదెమ్మే కబురు పెట్టింది. శివకు ఆ జీపు తప్ప వేరే బతుకుదెరువు లేదు. మళ్లీ అదే వాకిట్లో ఇంజన్ విప్పాను. ఒక రాడ్డు అడుగున బేరింగ్ కరిగి నల్లగా మాడిపోయి ఉంది. దాన్ని పక్కన పడేసి, ముందుగా పంచ్ తీసి మిగతా మూడు జతల మీద చుక్కలు కొట్టాను. ఈసారి అన్నిటినీ లేత్‌కు పంపాలనే వచ్చాను.

ఆదెమ్మ గమేళాలో బూడిద తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"ఒక్కటడుగుత తమ్మీ. పోయినసారి నేను మంచిగ తోమలేదా? ఏడనన్న మట్టి ఉండిపోయి పట్టేసిందా?"

ఇన్నాళ్లుగా ఇదే తలుచుకుంటూ కూర్చుందన్నమాట.

"కాదక్కా. తప్పు నాది."

"నీదేం తప్పు?"

"విప్పంగనే గిట్ల చుక్కలు కొట్టాలె. కొట్టలే."

ఆమె ఒక క్యాప్ తీసుకుని చుక్కల మీద బొటనవేలితో రాసి చూసింది.

"కొట్టకపోతే ఏమైతది?"

ముక్కలు కలగలిసిపోతాయి. ఆ ఒక్క మాట చెబితే, కలిపిన చేతులు ఎవరివో ఆమెకు తెలిసిపోతుంది. చెప్పకపోతే నేను తప్పించుకున్నట్టే. రెండూ నాకు తెలుస్తూనే ఉన్నాయి.

"ఏం కాదక్కా," అన్నాను. "మా ఉస్తాద్ నేర్పిన అలవాటు."

ఆదెమ్మ క్యాప్‌ను కింద పెట్టింది.

"గట్లయితే నేను మంచిగ తోమకపోవుడే," అంది.

గమేళా దగ్గరికి లాక్కుంది. ఈసారి కొబ్బరి పీచుతో పాటు పాత పళ్ల బ్రష్షు కూడా తెచ్చుకుంది. బోల్టు రంధ్రాల్లోకి బ్రష్షు దూర్చి, నేను కొట్టిన చుక్కల్లో నలుపు కూడా లేకుండా, మధ్యాహ్నందాకా తోముతూనే ఉంది.