నైరుతి మూల బరువు

దశరథ ఆర్టీసీలో ఇరవై ఏడేళ్లు బస్సు నడిపి, మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు నిలబడింది వాస్తు వల్లేనని పైపోర్షన్‌లో కిరాయికుండే భానుమూర్తి చెప్పాడు. భానుమూర్తిది గుంటూరు. రిటైరయ్యాక ఒక వాస్తు పుస్తకం కొని, సగం చదివాడు.

దశరథ కూతురు యాదలక్ష్మి సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. భూకంపాన్ని తట్టుకునే నమూనా భవనాల పోటీ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఐస్‌క్రీమ్ పుల్లలు కొనుక్కొచ్చి, నెల రోజులు కూర్చుని ఐదంతస్తులు కట్టింది. ఊగే బల్ల మీద అది ముప్పై సెకన్లు నిలబడితే ఫైనల్స్‌కు వెళ్తుంది.

పోటీకి ముందురోజు సాయంత్రం భానుమూర్తి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"దశరథ గారూ, నైరుతిలో బరువేదండీ? కనీసం వాటర్ ట్యాంకైనా పెట్టలేదే మీ అమ్మాయి."

పొద్దున యాదలక్ష్మి స్నానానికి వెళ్లగానే దశరథ సీసా మూతలో ఇసుక నింపి, భవనం పైన నైరుతి మూలకు గట్టి జిగురుతో అతికించాడు. అట్టపెట్టెలో పెట్టి టేపు కూడా తనే వేశాడు. బిడ్డ మేలు కోరి చేసిన పని కాబట్టి బిడ్డకు చెప్పలేదు.

భానుమూర్తి కూడా వెంట బయల్దేరాడు. ఎల్‌బీ నగర్‌లోని కాలేజీలో ముగ్గురూ పెట్టె తెరిచారు.

"నాయినా, ఇదేంది?"

"ట్యాంకు."

భానుమూర్తి పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. యాదలక్ష్మి మూతను కదిపింది. కింద పుల్ల కిర్రుమంది. వదిలేసింది. ఒక మూలే బరువుంటే ఊగినప్పుడు భవనం మెలి తిరుగుతుందని నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మదికే దశరథ కింద పడ్డ టేపు ముక్కలు ఏరసాగాడు.

ప్రతి జట్టూ పైకప్పు మీద నాలుగు ఇనుప బిళ్లలు పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నది వాళ్లిష్టం. యాదలక్ష్మి మూత బరువుకు సరితూగేలా నాలుగింటినీ దాని ఎదురుమూలన, అంటే ఈశాన్యంలో సర్దింది. భానుమూర్తి లేచి నిలబడి, ఈశాన్యంలో బరువు వంశానికే మంచిది కాదన్నాడు.

"అంకుల్, జర కూసోన్రి."

బల్ల ఊగింది. అంతకుముందు జట్టు భవనం పదకొండో సెకనుకే పడిపోయింది. ఇది పదకొండు దాటింది. ఇరవై దాటింది. పుల్లలు కిరకిరలాడాయి. దశరథ కుడికాలితో నేలను తొక్కిపట్టి కూర్చున్నాడు. ముప్పైకి బల్ల ఆగింది. భవనం నిలబడే ఉంది.

"నాయినా, బ్రేకు మీంచి కాలు తియ్. ఆగింది."

దశరథ కాలు తీశాడు. మోకాలు పట్టేసింది. అయినా హాయిగానే ఉంది.

ఆటోలో భానుమూర్తి, అంతా ట్యాంకు మహిమన్నాడు. ఆ సంతోషంలో ఎవరూ కాదనలేదు.

ఆ సాయంత్రం దశరథ తన డాబా ఎక్కాడు. నైరుతిలో నల్ల ట్యాంకు ఎప్పటిలాగే ఉంది. రెండు పాత టైర్లు, సగం సిమెంటు బస్తా ఈశాన్యానికి ఈడ్చాడు. ఆ చప్పుడుకు భానుమూర్తి బయటికొచ్చి, ఏం చేస్తున్నారండీ అని అడిగాడు.

"ఏం లేదు సార్. బ్యాలెన్సు."

బట్టలు తీయడానికి వచ్చిన యాదలక్ష్మి అది చూసింది. ఇది ఐస్‌క్రీమ్ పుల్లల ఇల్లు కాదు కదా అనుకుని, బట్టలు తీసుకుని కిందికి దిగింది.